హౌస్ సర్జన్ల చెవిలో పాఠాలు: కర్నూలు ప్రాజెక్టు డైరీ

మార్చి మొదటి వారం

చేయాలనుకున్నది ఏంటో ముందు రాసేస్తా. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మెడికల్ బ్లాగులు, పాడ్‌కాస్టులు మన హౌస్ సర్జన్లకీ ఫైనలియర్ పిల్లలకీ వార్డులో నిజంగా పనికొచ్చేలా చేయడం. కొత్తగా ఓ పాడ్‌కాస్టు పెట్టి లోకానికి పాఠాలు చెప్పాలని కాదు, అలాంటివి బోలెడున్నాయి, ఓపిగ్గా వినేవాళ్లే తక్కువ. మంచివి ఏరాలి, వాటిలో కర్నూలు వార్డుకి పొసగనిది ఏముందో పట్టుకోవాలి, ఆ తేడా వరకు చిన్న తెలుగు ఆడియో, దానికి తోడు ఒక పేజీ నోట్ ఇవ్వాలి. టీమ్ అంటే నేను, మా యూనిట్ పీజీ అబ్బాయి, ఆడియో ఎడిటింగ్ అంటే ప్రాణం పెట్టే ఒక హౌస్ సర్జన్ అమ్మాయి. డబ్బులు ఎవరూ ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడే ఎందుకంటే, 2019 బ్యాచ్ నుంచి వచ్చిన ఎంబీబీఎస్ కాంపిటెన్సీ సిలబస్‌లో (ఏం చదివారని కాదు, ఏం చేయగలరని చూసే సిలబస్) ప్రతి సబ్జెక్టుకీ సెల్ఫ్ డైరెక్టెడ్ లెర్నింగ్, అంటే తమంతట తాము నేర్చుకోవడం అని గంటలు రాసి పెట్టారు. కాగితం మీద బాగానే ఉంది. ఆ గంటలో పిల్లలు ఏం చేయాలో చెప్పేవాళ్లు లేకపోతే అందరూ టీ కొట్టు దగ్గర తేలతారు, వాళ్లని తప్పు పట్టలేం. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కాబట్టి పని అక్కడి నుంచే మొదలుపెడదాం అనుకున్నాం.

మార్చి, నెల మధ్య

ఏం వినాలి, ఏం చదవాలి అన్న లిస్టు వేయడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఈ ఉచిత వైద్య విద్య అన్న ఊపు పెద్ద పాతదేం కాదు. 2012లో డబ్లిన్‌లో ఎమర్జెన్సీ డాక్టర్ల అంతర్జాతీయ సమావేశం జరిగినప్పుడు, ఆస్ట్రేలియాలో పనిచేసే మైక్ కాడొగన్ అనే డాక్టరు పబ్‌లో కూర్చుని దీనికి ఫోమ్ (ఫ్రీ ఓపెన్ యాక్సెస్ మెడికల్ ఎడ్యుకేషన్‌కి పొట్టి పేరు) అని పేరు పెట్టాడు. అప్పటికే ఆయన వాళ్ల లైఫ్ ఇన్ ద ఫాస్ట్ లేన్ సైటు నడుస్తోంది, అమెరికాలో స్కాట్ వైన్‌గార్ట్ 2009లోనే ఎమ్‌క్రిట్ అనే పాడ్‌కాస్టు మొదలుపెట్టేశాడు. అంటే ఇదంతా క్యాజువాల్టీ డాక్టర్లు తమలో తాము మాట్లాడుకోవడంగా పుట్టింది. అందుకే సెప్సిస్, ఈసీజీ, వెంటిలేటర్ గురించి కుప్పలు తెప్పలుగా దొరుకుతుంది, క్షయ గురించో ఫ్లోరోసిస్ గురించో వెతికితే చేతికి వచ్చేది తక్కువ.

నాణ్యత సంగతి. పీజీ అబ్బాయి "మేడం, చదివితే తెలిసిపోతుంది కదా, ఏది మంచిదో" అన్నాడు. తెలియదు. బ్లాగు పోస్టులు ఇచ్చి మెడికల్ స్టూడెంట్లనీ రెసిడెంట్లనీ సీనియర్ డాక్టర్లనీ మార్కులు వేయమంటే ఒకరి అంచనాకీ ఇంకొకరి అంచనాకీ పొంతన లేదని మెట్రిక్ అనే అధ్యయనంలో తేలింది. ఆ పరిశోధన చేసినవాళ్లే తర్వాత ఏడు ప్రశ్నల కొలబద్ద తయారు చేశారు, ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3, మొత్తం 21. నేపథ్యం సరిపడా ఇచ్చారా, ఆధారాలు చూపించారా, రాసింది ఎవరు, బయటపెట్టకముందు ఇంకొకరు చూశారా, ఈ తరహా ప్రశ్నలు. మేము దాన్నే తీసుకుని, కింద మా ప్రశ్న ఒకటి చేర్చాం: ఇందులో చెప్పిన మందు, పరీక్ష, పరికరం మన ఆస్పత్రిలో ఉన్నాయా? ముగ్గురం విడివిడిగా మార్కులు వేసి తర్వాత కలిసి చూసుకుంటాం. ఈ చివరి ప్రశ్న దగ్గరే గొడవలన్నీ.

ఏప్రిల్ మొదట్లో

కొన్ని విదేశీ ఎపిసోడ్లు ఎంచి హౌస్ సర్జన్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి చూశాం. చాలామంది ఐదారు నిమిషాల తర్వాత ఆపేశారు. కారణాలు అడిగితే మొహమాటం లేకుండానే చెప్పారు. యాస అర్థం కావట్లేదు, నలభై నిమిషాలు ఎవరు వింటారు, మధ్యలో వాళ్ల జోకులు ఎవరికి కావాలి. ఇంకొకడైతే "మేడం, ఇది నీట్ పీజీకి వస్తుందా" అన్నాడు. వాడి మీద ఒళ్ళు మండింది కానీ, వాడు అడిగిందే మిగతా అందరి మనసులోనూ ఉంది. నెలనెలా డబ్బు కట్టి యాప్‌లో వీడియోలు చూస్తున్న పిల్లలు, ఉచితం అన్నంత మాత్రాన దీనికి టైం ఇస్తారా?

ఎక్కడ వింటున్నారు అంటే మాత్రం ఆశ్చర్యం వేసింది. శనివారం సాయంత్రం ఆదోని బస్సులో, నంద్యాల బస్సులో, పొద్దున కేసీ కెనాల్ పక్కన నడుస్తూ, హాస్టల్లో బట్టలు ఉతుక్కుంటూ. కూర్చుని వినేవాళ్లు దాదాపు లేరు. అలా వింటే బుర్రకెక్కుతుందా అన్నది నాకున్న అనుమానం. అమెరికాలో రెసిడెంట్లకి కారు నడుపుతూ ఒక ఎపిసోడ్, కుదురుగా కూర్చుని ఒక ఎపిసోడ్ వినిపించి పరీక్ష పెడితే గుర్తుండటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. అయితే వాళ్లు వింటున్నది వాళ్ల భాషలో, వాళ్ల దేశపు వైద్యం. మా పిల్లాడు ఆదోని బస్సులో కిటికీ గాలి హోరులో బోస్టన్ యాస వింటున్నాడు. రెండూ ఒకటి కాదు.

తేల్చుకున్నది: మా ఆడియో పది నిమిషాల లోపు, తెలుగులో, మెడికల్ మాటలు ఇంగ్లీషులోనే. హాస్టల్లో ఆలిండియా కోటాలో వచ్చిన పిల్లలు కొందరున్నారు, కేరళ, రాజస్థాన్ వాళ్లు, వాళ్లకి తెలుగు పేషెంటు దగ్గర సరిపోయేంతే వచ్చు. అందుకని పేజీ నోట్ ఇంగ్లీషులో.

ఏప్రిల్ చివర

మొదటి టాపిక్ పాముకాటు. ఇది ఎంచుకోవడానికి పెద్దగా ఆలోచించలేదు, వానలు మొదలై చేలల్లో పనులు ఊపందుకుంటే వార్డులో ఈ కేసులు ఎలా పెరుగుతాయో ఇక్కడ పనిచేసిన ఎవరికైనా తెలుసు.

ఆస్ట్రేలియా బ్లాగుల్లో పాముకాటు గురించి చాలా గొప్పగా రాశారు, నేనే ముచ్చటపడి చదివాను. కానీ అది ఉన్నదున్నట్టు తెచ్చి మన క్యాజువాల్టీలో పెడితే ప్రమాదం. వాళ్లు కాటు పడిన కాలికి పైనుంచి కింద దాకా ఒత్తిడి కట్టు కట్టి కదలకుండా ఉంచమంటారు, ఎందుకంటే వాళ్ల దగ్గర కరిచేవి ఎక్కువగా నాగుపాము జాతివి. మన దగ్గర రక్తపింజరి, చిన్నపింజరి కరిస్తే కరిచిన చోటే కండ దెబ్బతిని వాచిపోతుంది, దాని మీద ఒత్తిడి కట్టు కడితే ఇంకా పాడవుతుంది. మన గైడ్‌లైన్ ప్రకారం ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద కట్టి, కదలనివ్వకుండా ఆస్పత్రికి తేవాలి, అంతే. అసలు మన పేషెంట్లు వచ్చేదే తువ్వాలో నులక తాడో బిగించి కట్టుకుని. దాన్ని గబుక్కున విప్పేస్తే అప్పటిదాకా ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకొచ్చు, కాబట్టి ముందు సెలైన్ లైన్ పెట్టి, యాంటీ వెనమ్ (విషానికి విరుగుడు మందు) దగ్గర పెట్టుకుని, కట్టు కింద నాడి చూసి అప్పుడు విప్పాలి. ఈ ముక్క మేము విన్న విదేశీ ఎపిసోడ్లు వేటిలోనూ లేదు, వాళ్లకి ఆ అవసరం లేదు కూడా.

డోసు సంగతి మరీ ముఖ్యం. అక్కడ చాలా పాములకి ఒక వయల్ (మందు సీసా) చాలంటారు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి చేసిన ఒకే మందు, మొదటి డోసే 8 నుంచి 10 వయల్స్. బస్సులో "ఒక వయల్" అని విన్న పిల్లాడు ఆ మాట బుర్రలో పెట్టుకుని రాత్రి డ్యూటీకి వస్తే ఏమవుతుంది? పిల్లలకైనా పెద్దలకైనా డోసు ఒకటే అన్నది ఇంకో పాయింటు. పాము చిన్నపిల్లాడని విషం తగ్గించి ఎక్కించదు కదా. ఇది మాత్రం ఆడియోలో ఒక్కసారి వింటే చాలు, ఎవరూ మర్చిపోవట్లేదు.

మే, ఎండలు

రికార్డింగ్ ఒక యుద్ధం. ఫ్యాన్ వేస్తే ఆడియో అంతా గాలి రొద, ఆపితే మే నెల కర్నూల్లో మూసిన గదిలో రెండు నిమిషాలు కూర్చోలేం. ఏసీ ఉన్న సెమినార్ హాల్లో గోడలన్నీ ఉత్తవి, గొంతు ప్రతిధ్వనిస్తుంది. చివరికి హాస్టల్లో ఒక గదిలో తెల్లవారుజామున, కరెంటు ఉన్నా ఫ్యాన్ కట్టేసి, మంచం మీది బొంతలు కిటికీకి వేలాడదీసి, తెరిచిన బట్టల బీరువా ముందు కూర్చుని మాట్లాడుతున్నాం. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి. ఎదురుగా పెడితే ప, బ, ఫ అన్నప్పుడల్లా మైకులో గాలి కొట్టుకుంటుంది.

ఎడిటింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్. మాట్లాడకుండా నాలుగైదు సెకన్ల ఖాళీ గది శబ్దం రికార్డు చేసి, దాన్ని నమూనాగా ఇచ్చి నాయిస్ రిడక్షన్ నడపాలి. మా అమ్మాయి మొదట్లో రొద అంతా పోవాలని గట్టిగా నడిపింది, నా గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అయింది. కొంచెం రొద ఉంటే ఏం కాదు. మోనో, 64 కేబీపీఎస్ పెడితే ఎనిమిది నిమిషాలకి నాలుగు ఎంబీ లోపే, ఫోన్ నిండిపోయిన పిల్లలు కూడా డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు.

రాసింది చదవొద్దు, పాయింట్లు పెట్టుకుని మాట్లాడు అని పీజీకి వంద సార్లు చెప్పా. చదివితే "మరియు", "యొక్క" వచ్చేస్తాయి, వార్డులో ఎవరం అలా మాట్లాడం.

మే చివర

ఇరవై నిమిషాల పరీక్ష ఎపిసోడ్ తర్వాత వార్డులో చూసింది రాస్తా. పాము కరిచినవాళ్ల రక్తం గాజు ట్యూబులో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూసే పరీక్ష అది. పింజరి విషం ఎక్కితే గడ్డకట్టదు. రాత్రి పదింటికి పింజరి కాటు అనుమానంతో ఒకాయన వచ్చాడు. డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ ప్లాస్టిక్ ట్యూబ్ తీయబోయి ఆగి, సిస్టర్‌ని గాజు టెస్ట్ ట్యూబ్ అడిగాడు. కొత్తది, పొడిది, కడగనిది. సబ్బుతో కడిగిన గాజులో రక్తం గడ్డకట్టాల్సింది కూడా కట్టకపోవచ్చు, ప్లాస్టిక్‌లోనూ ఫలితం తేడా వస్తుంది, గడ్డకట్టే ప్రక్రియని రగిలించేది మామూలు గాజే. 2 మి.లీ. రక్తం పోసి డ్యూటీ టేబుల్ మీద స్టాండులో నిలబెట్టి ఫోన్‌లో టైమర్ పెట్టాడు. పేషెంటు తమ్ముడు "ఏం సా, దాన్ని అట్ల సూస్తా కూచున్నారు, మందు ఎయ్యరా" అంటే, సిస్టరే సర్దిచెప్పింది. మధ్యలో ఎవరో ట్యూబ్ ఎత్తి ఊపి చూడబోతే పిల్లాడు చెయ్యి అడ్డం పెట్టాడు. టైమర్ మోగాక ఒక్కసారి వంచితే నీళ్లలా జారింది. మందు ఎక్కించారు, 6 గంటల తర్వాత మళ్ళీ అదే పరీక్ష. ఆ 6 గంటలు ఎందుకంటే, విషం విరిగాక రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు లివర్ మళ్ళీ తయారుచేసుకోవడానికి సుమారు అంత టైం పడుతుంది. ఆ కారణం పిల్లాడే జూనియర్‌కి చెప్తుంటే పక్కనుంచి విన్నా.

తర్వాత ఇంకొకడు "మేడం, ఎపిసోడ్ సరిగ్గా ఇరవై నిమిషాలు చేస్తే టైమర్ కూడా అక్కర్లేదు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆ ఇరవై నిమిషాలు కళ్లు పేషెంటు మీద ఉండాలి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కాదు అని చెప్పి పంపా.

జూన్

పర్మిషన్ల నెల. పిల్లలకి పరీక్ష పెట్టి ఆ మార్కులు ఎక్కడైనా చూపించాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఫైలు పెట్టాం. కేసులు చెప్పేటప్పుడు పేరు తీసేస్తే సరిపోదని కూడా పీజీతో కాస్త వాదించాల్సి వచ్చింది. "డోన్ దగ్గర ఫలానా ఊరి ట్రాక్టర్ డ్రైవర్, పోయిన వారం" అంటే పేరెందుకు, ఆ ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఊరు, వృత్తి, నెల, అవసరమైతే వయసు కూడా మార్చేస్తున్నాం, రెండు మూడు కేసులు కలిపి ఒకటి చేస్తున్నాం.

కాపీరైట్ కూడా చూసుకున్నాం. లైఫ్ ఇన్ ద ఫాస్ట్ లేన్ క్రియేటివ్ కామన్స్ కింద ఉంది, పేరు చెప్పి, వ్యాపారానికి వాడకుండా, మనం చేసినదాన్నీ అదే షరతుతో పంచితే మార్చుకోవచ్చు. మిగతావాటిలో చాలావరకు ఆ వెసులుబాటు లేదు, వాటికి లింకు మాత్రమే. ఎవరి ఆడియోనో కత్తిరించి గ్రూపులో పెట్టడం వద్దన్నాం.

జూలై

రెండో పెద్ద టాపిక్ ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగి వచ్చిన కేసులు. ఇక్కడే ఆడియో దేనికి పనికొస్తుందో దేనికి రాదో నాకు బాగా తెలిసొచ్చింది. దానికి విరుగుడు అట్రోపిన్ ఇచ్చి ఐదు నిమిషాలకోసారి చూసుకుంటూ, సరిపోకపోతే డోసు రెట్టింపు చేస్తూ పోవాలి. ఎందాకా అంటే ఊపిరితిత్తుల్లో గురగుర పోయేదాకా, నాడి 80 దాటేదాకా, పై బీపీ 80 పైకి వచ్చేదాకా, చంక ఆరేదాకా, కంటిపాప సూదిమొనలా లేకుండా విప్పారేదాకా. ఎందుకు రెట్టింపు, ఎందుకు ముందు ఊపిరితిత్తులు చూడాలి, కంటిపాప ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుంది, ఇవన్నీ మాటల్లో అద్భుతంగా కుదురుతాయి. అంకెలు మాత్రం కుదరవు. విదేశీ ఎపిసోడ్‌లో మిల్లీగ్రాముల్లో చెప్తారు, మన చేతిలో ఉండేది 0.6 మి.గ్రా. యాంపూల్. రాత్రి రెండింటికి ఎవడు భాగహారం చేస్తాడు? మా నోట్‌లో యాంపూల్స్‌లోనే రాశాం: మొదట 3 (అంటే 1.8 మి.గ్రా.), తర్వాత 6, తర్వాత 12. ఆ పేజీ లామినేట్ చేసి డ్యూటీ టేబుల్ గాజు కింద పెట్టాం.

అప్పటి నుంచి ఒకటే రూలు. ఆడియోలో కారణాలు, పేజీలో అంకెలు. ఆడియోలో ఏ డోసూ చెప్పం, "పేజీ చూడు" అంటాం. పాత పాముకాటు ఆడియోలో కూడా వయల్స్ లెక్క తీసేసి మళ్ళీ పెట్టాం. డోసులు మారితే పేజీ మార్చడం తేలిక, పది మంది ఫోన్లలో మూలన పడున్న ఆడియోని ఎవరు వెనక్కి తెస్తారు? ప్రతి పేజీ మీదా ఫలానా తేదీ తర్వాత వాడొద్దు అని కూడా రాస్తున్నాం.

ఈసీజీ, ఎక్స్‌రే, చర్మం మీది దద్దుర్లు ఆడియోలో అసలు ముట్టుకోం. వాటికి బ్లాగులే. ఈసీజీల లైబ్రరీ లింకు పంపి, రౌండ్స్‌లో తీసిన ఈసీజీని పక్కన పెట్టి పోల్చమంటున్నాం.

ఆగస్టు

విన్నాక ఏం మిగిలింది అన్న లెక్క. లైక్‌లు, డౌన్‌లోడ్లు చూసి సంబరపడితే లాభం లేదు. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం పీజీకి చదవమని ఇచ్చా. ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత బాగా రాశారు, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుతెచ్చుకోవడం ప్రాక్టీసు చేసినవాళ్లే ముందున్నారు. అందుకని ఎపిసోడ్ పెట్టిన రోజు ప్రశ్నలు పెట్టం. వారం తర్వాత రౌండ్స్‌లో, పేషెంటు మంచం పక్కన, ఒక్కటే ప్రశ్న. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతున్న మనిషి, ఒంటి మీద కాటు గుర్తు లేదు, రాత్రి నేల మీద పడుకున్నాడు. ఏం అనుకుంటావు? కట్లపాము ఎపిసోడ్ విన్నవాళ్లలో కొందరు టక్కున చెప్పారు, కొందరు గ్యాస్ ట్రబుల్ దగ్గరే ఆగిపోయారు. విన్నామని చెప్పి విననివాళ్లు కూడా ఇక్కడే దొరికిపోతున్నారు, ఆ టెన్షన్‌కి వినడం పెరిగింది. ఇది భయపెట్టి వినిపించడం కాదా అని మా హౌస్ సర్జన్ అమ్మాయి అడిగింది. కొంత అవును. మార్కులు వేయకుండా అడగడం వరకు పర్లేదనుకుంటున్నా.

సెప్టెంబరు మొదట

స్టాఫ్ నర్సులు మాకేవీ అని అడిగారు. నిజమే, యాంటీ వెనమ్ కలిపేది వాళ్లే. పొడి వయల్‌లో 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊపకుండా మెల్లగా తిప్పాలి, ఊపితే నురగ కట్టి మందు కరగడానికి ఇంకా టైం పడుతుంది, పది వయల్స్ అంటే ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఎక్కించేటప్పుడు అడ్రినలిన్ సిరంజిలో లాగి పక్కనే పెట్టుకోవాలి, రియాక్షన్ వచ్చాక వెతుక్కుంటే కుదరదు. ఇదంతా నేను చెప్పడం కన్నా మా వార్డు సీనియర్ సిస్టర్ చెబితేనే బాగుంటుంది, చేతులతో చేసేది ఆవిడే. అడిగితే ముందు "నా గొంతా, వద్దు మేడం" అంది, తర్వాత రెండు షరతులు పెట్టింది: పొద్దుటి ఇంజెక్షన్లు అయ్యాకే రికార్డింగ్, తన పేరు చెప్పకూడదు. రెండూ ఒప్పుకున్నాం. సూపరింటెండెంట్ ఆఫీసు నుంచి కాగితం రావాలి, ఈలోగా మా అమ్మాయి బొంతలు మోసుకెళ్లే పని లేకుండా నర్సుల డ్రెస్సింగ్ రూమ్‌లో టెస్ట్ రికార్డింగ్ చేసి చూస్తోంది. అక్కడ ఫ్రిజ్ రొద ఉంది, దాన్ని ఆపడానికి లేదు, వ్యాక్సిన్లు అందులోనే ఉన్నాయి. వేరే గది వెతకాలి.